పాత పర్వతయాత్రల పుస్తకాలు, మ్యాపులు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 మధ్య, అచ్చయిన పర్వతయాత్రల పుస్తకాలకీ మ్యాపులకీ కేటలాగు రాయడం నా పని. ఆల్ప్స్ మీదవి ఎక్కువ, హిమాలయాల మీదవి కొంచెం తక్కువ. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఇది ఒరిజినలేనా, ఎంత పలుకుతుంది" అని అడిగేవాళ్ల నోట తరచూ అవే నమ్మకాలు వింటుంటాను. ధర సంగతి నన్నడక్కండి, మిగతావి చెప్తాను.

అపోహ: బొమ్మలన్నీ కొండమీద కూర్చుని గీసినవే, కాబట్టి నూటికి నూరుపాళ్లు నిజం.

వాస్తవం: కొండమీద వేసేది మహా అయితే ఒక పెన్సిల్ స్కెచ్. దాన్ని ఊళ్లో ఇంకొకరు నున్నగా చేసిన చెక్క బ్లాకు మీద కుడిఎడమలు తిరగేసి మళ్లీ గీస్తారు, చెక్కేది మరొకరు. ఆ చేతులు మారడంలో కొండ ఇంకాస్త నిటారుగా అవుతుంది, మనుషులు ఇంకాస్త చిన్నగా అవుతారు. చెక్క బ్లాకులే ఎందుకంటే, వాటి ఎత్తు అచ్చు అక్షరాల ఎత్తుతో సమానంగా ఉంచవచ్చు కాబట్టి బొమ్మా మాటా ఒకే పేజీలో ఒకేసారి పడతాయి. రాగి, ఉక్కు పలకలతో అలా కుదరదు, వాటికి వేరే ప్రెస్సు కావాలి, అందుకే ఆ బొమ్మలు విడి పేజీలుగా వస్తాయి. ఈ చెక్కేమో పొదలాంటి చిన్న చెట్టుది. పెద్ద బొమ్మ కావాలంటే ముక్కల్ని బోల్టులతో బిగించాల్సిందే, ఆ అతుకులు ఒక్కోసారి బొమ్మకి అడ్డంగా సన్నటి తెల్లగీతలుగా కనిపిస్తాయి. నాకు భలే ఇష్టం ఆ గీతలంటే.

ఎడ్వర్డ్ వింపర్‌ని తీసుకోండి. వృత్తిరీత్యా చెక్క మీద బొమ్మలు చెక్కేవాడు. 1860లో లండన్ ప్రచురణకర్త విలియం లాంగ్‌మన్ బొమ్మలు గీసుకురమ్మని ఇరవై ఏళ్ల ఈ కుర్రాణ్ని ఆల్ప్స్‌కి పంపాడు. అక్కడ కొండపిచ్చి పట్టుకుంది. 1865 జులై 14న మాటర్‌హార్న్ ఎక్కిన మొదటి ఏడుగురిలో ఇతనొకడు, దిగేటప్పుడు నలుగురు పోయారు. 1871లో వచ్చిన అతని 'స్క్రాంబుల్స్ అమంగ్‌స్ట్ ది ఆల్ప్స్' పుస్తకం బొమ్మల విషయంలో ఆ కాలానికే తలమానికం. అయినా అందులో ఒక బొమ్మ మీద పెద్ద గొడవే నడిచింది. 1864లో ఎక్రాన్ శిఖరం దిగుతూ గైడ్ క్రిస్టియన్ ఆల్మర్ ఒక చీలిక మీదుగా ఎగిరి దూకినట్టు ఉంటుంది. అసలలా జరగనే లేదని కూలిడ్జ్ అనే పర్వత చరిత్రకారుడు తర్వాత పట్టుబట్టాడు, వింపర్ ఒప్పుకోలేదు. ఎవరిది నిజమన్నది పక్కన పెట్టండి, మనిషి గాల్లో ఉండగా స్కెచ్ వేసుకునేది ఎవరండీ?

అపోహ: చెక్కిన బొమ్మ ఉందంటే అక్కడ ఫొటో తీయలేదనే అర్థం.

వాస్తవం: సామ్యూల్ బోర్న్ 1866లోనే హిమాలయాల్లో 18 వేల అడుగులు దాటిన మణిరంగ్ కనుమ దగ్గర ఫొటోలు తీశాడు. గాజుపలక మీద రసాయనం పూసి, అది ఆరేలోపే ఫొటో తీసి, టెంటులో కడగాలి, సామాను మోయడానికి కూలీల దండే ఉండాలి. సమస్య ఫొటో తీయడంలో లేదు, దాన్ని అక్షరాలతో పాటు అచ్చువేయడంలో ఉంది. ఫొటోని సన్నటి చుక్కలుగా మార్చి అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి 1880ల్లో వ్యాపించేదాకా ఫొటోని పేజీకి అతికించాలి, లేదా చూసి చెక్కాలి. బొమ్మ కింద 'ఫొటో ఆధారంగా' అన్న ముక్క ఉందేమో చూడండి.

అపోహ: రంగులున్నదే అసలైనది, విలువైనది.

వాస్తవం: చాలాసార్లు తిరకాసు ఇక్కడే. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ లాంటి వారపత్రికల్లో నలుపు తెలుపుల్లో వచ్చిన పేజీల్ని చింపి, మొన్నమొన్న రంగులద్ది, ఫ్రేము కట్టి అమ్ముతారు. అలాగని చేతి రంగులన్నీ దొంగవని కాదు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హూకర్ సిక్కిం నుంచి పంపిన రోడోడెండ్రాన్ పూలని చిత్రకారుడు వాల్టర్ ఫిచ్ అచ్చు కోసం రాతిమీద గీసిన పుస్తకం (1849–51) ఆ రోజుల్లోనే చేత్తో రంగులేయించి అమ్మినది. భూతద్దం పెట్టి చూస్తే చేతి రంగు గీత దాటి పారుతుంది, రాతి ముద్రణలో ఒకదానిమీదొకటి పడ్డ అస్తవ్యస్తపు చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు గళ్లనోటుబుక్కులా వరసగా ఉంటే అది కొత్త కాపీ అయ్యే అవకాశమే ఎక్కువ.

అపోహ: మ్యాపులో ఉందంటే ఉన్నట్టే, ఖాళీగా ఉందంటే ఎవరూ వెళ్లనట్టే.

వాస్తవం: రెండూ తప్పే. ఆల్ప్స్ మ్యాపుల్లో 'మౌంట్ ఇజెరాన్' అని 4 వేల మీటర్లు దాటిన శిఖరం ఏళ్ల తరబడి ఉండేది. 1860లో కోవెల్ అనే ఆయన వెతుక్కుంటూ వెళ్తే అక్కడ అలాంటి శిఖరమే లేదు. 1854 నాటి హూకర్ 'హిమాలయన్ జర్నల్స్'లో అప్పటికి కొలిచినవాటిలో అన్నిటికన్నా ఎత్తయినది కాంచన్‌జంగ. అది హూకర్ పొరపాటు కాదు, 'పీక్ 15' ఎత్తు 29,002 అడుగులని సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ప్రకటించింది 1856లో. దానికి ఆయన తన ముందు పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ పేరు పెట్టాడు. ఆ ఎవరెస్ట్ కుర్రతనంలో మన కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడి, కోలుకోడానికి 1820లో ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కి వెళ్లాల్సొచ్చింది. శిఖరానికి ఆ పేరు పెట్టాక కూడా యూరప్ మ్యాపులు కొన్ని ఎవరెస్ట్‌నే గౌరీశంకర్ అని రాశాయి. అవి రెండూ వేరని హెన్రీ వుడ్ 1903లో తేల్చాడు, కాబట్టి మ్యాపు ఏ కాలానిదో చూసేటప్పుడు ఆ పేరు నాకొక ఆనవాలు.

ఇక ఖాళీల సంగతి. మ్యాపులో ఖాళీగా ఉన్న టిబెట్‌ని రహస్యంగా కొలిచి రమ్మని బ్రిటిష్ సర్వేవాళ్లు పంపిన నైన్ సింగ్ రావత్ 1866 జనవరిలో లాసా చేరాడు. జపమాలకి 108 బదులు 100 పూసలు, నడిచిన ప్రతి వంద అంగలకి ఒక పూస జరపడం, లెక్కల చీటీలు ప్రార్థనా చక్రంలో దాచడం. నీళ్లు మరిగే వేడిని బట్టి ఎత్తు కట్టేవాడు. ఆయన ప్రాణానికి ముప్పు రాకూడదని మొదట్లో రిపోర్టుల్లో పేరు లేదు, ఉత్త 'పండిట్' అంతే. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

అపోహ: ఆడవాళ్లు ఇలాంటివి రాయలేదు.

వాస్తవం: పేరు పేజీలో 'ఎ లేడీ' అని ఉంటే ఆగండి. 1876 నాటి 'ది ఇండియన్ ఆల్ప్స్' మీద 'ఎ లేడీ పయొనీర్' అనే ఉంది. రాసింది నీనా మజుచెల్లి, డార్జిలింగ్ నుంచి సింగలీలా కొండల వైపు వెళ్లిన మనిషి.

అపోహ: ముక్కలుగా కోసి గుడ్డకి అతికించిన మ్యాపు చిరిగిపోయి రిపేరైనది.

వాస్తవం: చాలావరకు అమ్మేటప్పుడే అలా అమ్మేవాళ్లు. మడిచి జేబులో పెట్టుకున్నా మడత దగ్గర కాగితం చిరగకుండా, ముక్కల మధ్య వెంట్రుకవాసి సందు వదిలేవాళ్లు. దాన్ని గుడ్డనుంచి ఊడదీసి 'బాగుచేసిన'వాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

అపోహ: నెట్‌లో ఫ్రీగా స్కాన్ ఉంది, ఇక పుస్తకం ఎందుకు?

వాస్తవం: చదవడానికి హాయిగా వాడండి, నేనూ వాడతాను. కానీ ఆ స్కాన్లలో చాలావాటిలో మడత మ్యాపుని విప్పకుండానే ఫొటో తీసేశారు, మూలన ఇంత ముక్క తప్ప ఏమీ కనిపించదు. పుస్తకం కొనేటప్పుడు కూడా ముందుపేజీల్లో ఉండే బొమ్మలు, మ్యాపుల పట్టిక తీసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి, వెనక అట్ట జేబులో ఉండాల్సిన మ్యాపే తరచూ మాయమవుతుంది. మ్యాపు చిరిగి ఉంటే సెలోటేప్ వేయకండి, ఎవరైనా ఇదివరకే వేసి ఉంటే పీకకండి, కాగితం పై పొర దాంతోపాటే లేచొస్తుంది.