సినిమా వాళ్ల సోషల్ మీడియా: సీడెడ్‌లో కూర్చుని చూస్తే ఏది అపోహ, ఏది వాస్తవం

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర మా ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఎడిటర్ పిల్లోడు, నేను. సినిమా కంపెనీలకు, ఓటీటీ వాళ్లకు, చుట్టుపక్కల థియేటర్లకు సోషల్ మీడియా పని చేసిపెడతాం. ఎక్కువగా సీడెడ్ ప్రమోషన్లే. నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన జిల్లాలని మాకు ఆ పేరు పడింది. 1928లో నంద్యాల సభలో మనవాళ్లు రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు గానీ, సినిమా వ్యాపారంలో మాత్రం ఇప్పటికీ మా ప్రాంతపు పంపిణీ హక్కులు సీడెడ్ అన్న పాత పేరుతోనే చేతులు మారతాయి. తొమ్మిదేళ్లుగా ఈ పనిలో రోజూ వింటున్న మాటలు కొన్నింటిని సరిచేయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

అపోహ: ట్రైలర్‌కు కోటి వ్యూస్ వచ్చాయంటే సినిమా ఆడినట్టే.

థియేటర్ ఓనర్లు మొదట అడిగేది ఇదే. "వ్యూస్ ఇన్నున్నాయి కదప్పా, మొదటి రోజు ఎన్ని ఆటలు వేయమంటావ్?" అని. అసలు వ్యూ ఎట్లా పడుతుందో చూడండి. యూట్యూబ్‌లో మీరు వంట వీడియో పెట్టుకుంటే ముందు ట్రైలర్ ప్రకటనగా వస్తుంది. స్కిప్ కొట్టకుండా 30 సెకన్లు నడిస్తే అదొక వ్యూ. చేతికి పిండి అంటుకుని స్కిప్ కొట్టలేకపోయినా అదీ వ్యూనే. దానికి కంపెనీ డబ్బు కట్టి ఉంటుంది. ఇట్లా కొన్న వ్యూస్‌తో 24 గంటల రికార్డులు చాటుకోవడం ఎక్కువైపోయి, 2019 సెప్టెంబరులో యూట్యూబే పాటల చార్టుల్లోంచి, 24 గంటల రికార్డు లెక్కలోంచి ప్రకటన వ్యూస్‌ను పక్కన పెట్టేసింది. షార్ట్స్ లెక్క ఇంకో రకం. 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, వ్యూ పడిపోతుంది. చూసినవాడు మరుక్షణమే వేలితో పైకి తోసేసినా సరే.

ప్రకటన ఇవ్వడం తప్పని నేననను. కొత్త కుర్రాడి సినిమా ఒకటి వస్తోందని జనానికి తెలియాలంటే ఖర్చు పెట్టక తప్పదు. ఆ అంకెను చూసి ఆటలు పెంచొద్దనే నేను చెప్పేది. నేను చూసేవి వేరు. ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఎంతమంది దాచుకున్నారు, ఎన్నో సెకనులో జారిపోతున్నారు, కామెంట్లలో హీరో పేరు కాక ఇంకేమైనా మాట్లాడుకుంటున్నారా. ఎవరో ఒకబ్బాయి స్నేహితుణ్ని ట్యాగ్ చేసి "శుక్రవారం పోదామా రా?" అని రాశాడంటే నాకు ధైర్యం వస్తుంది.

అపోహ: హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది, కాబట్టి ఊరంతా అదే మాట.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ట్రెండ్ అనేది మొత్తం ఎంతమంది మాట్లాడారన్న దానికంటే, కాసేపట్లో ఎంత ఒక్కసారిగా ఎగిసిందన్న దాన్ని చూస్తుంది. అందుకే ఫ్యాన్స్ గ్రూపుల్లో ఫలానా నిమిషానికి అందరూ కలిసి మొదలుపెట్టాలని ముందే కబురు పెడతారు. వాళ్ల అభిమానం నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆదోని పత్తి మార్కెట్‌లో బండి దించి కూర్చున్న రైతుకు ఆ ట్రెండ్ చేరదు. టికెట్ కొనేవాళ్లలో ఆయనా ఉన్నాడు.

అపోహ: డబ్బు పెడితే ఏదైనా వైరల్ అవుతుంది.

బాహుబలి మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఇరవై ఒక్క నెలలకు పైనే. అన్నాళ్లు ఒక సినిమాను జనం నోట్లో ఉంచాలంటే ఏ ప్రకటన బడ్జెట్టూ చాలదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నను జనమే మోశారు. అది వాట్సాప్ జోకయింది, కాలేజీ స్కిట్టయింది, మా మామ వరస ఆయన అన్నం తింటూ అడిగే ప్రశ్నయింది. సినిమా వాళ్లు చేసిన గొప్ప పని ఏమిటంటే, జవాబును చివరిదాకా గుట్టుగా ఉంచడం.

నాటు నాటు పాటనూ అట్లాగే చూడండి. 2021 నవంబరు 10న లిరికల్ వీడియో వదిలారు. ఆ స్టెప్పులో ఒక కిటుకుంది. ఒక్కరే వేస్తే సగం స్టెప్పే. పక్కన భుజం కలిపేవాడు కావాలి. అంటే రీల్ చేయాలనుకున్న ప్రతి ఒక్కరూ ఇంకొకరిని పిలుచుకుని రావాల్సిందే. అట్లా పాకింది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం సిబ్బంది కూడా ఆ స్టెప్పు వేసి వీడియో పెట్టారు. మరుసటి నెలలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది.

ఆ రోజుల్లో పొద్దున వాకింగ్‌కు పోతే కొండారెడ్డి బురుజు ముందు ఇద్దరు ఇంటర్ పిల్లలు కనిపించారు. ఫోన్‌ను చెప్పుల జతకు ఆనించి, ఉత్త కాళ్లతో నాటు స్టెప్పు వేస్తున్నారు. అడుగు కలవడం లేదు. ఫోన్ మూడుసార్లు పడిపోయింది. తీసి నిక్కరుకు తుడుచుకుని మళ్లీ నిలబెట్టారు. పదకొండోసారికి కుదిరింది. ఇద్దరూ తలలు ఆనించుకుని దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నారో లెక్కలేదు. ఆ పిల్లలకు ఎవరూ డబ్బివ్వలేదు. అప్పటినుంచి పాట ప్రమోషన్‌కు పిలిచిన ప్రతి కంపెనీనీ నేనడిగేది ఒక్కటే: ఈ పాటలో ఏ పదిహేను సెకన్లు చెప్పుల జత ముందు చేయగలరు? యాభైమంది డాన్సర్లుంటే నోరు తెరుచుకుని చూస్తారు, అంతే. తమ చేతికి అందేదైతే తీసుకుంటారు, తమది చేసుకుంటారు. కంపెనీ పోస్టు పనిచేసిందని నేను ఒప్పుకునేది అప్పుడే.

అపోహ: విమర్శ కనిపిస్తే కామెంట్ తీసేయాలి.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేను చేశాను.

ఒక కంపెనీ వాళ్ల వెబ్ సిరీస్‌కు మా పేజీలో పోస్టర్ వేశాం. కథ జరిగేది అనంతపురం వైపు పల్లెలో. పోస్టర్ మీద మాట వాళ్లే రాసి పంపారు: "ఏం చేచ్చాండావప్పా?" అని. పావుగంటలో ఒకాయన కామెంట్ పెట్టాడు. "అన్నా, ఇది మా మాట కాదు. కడపోళ్లు చేచ్చాండావ్ అంటారు. మేం చేస్తాండావ్ అంటాం. సీమంటే మీకంతా ఒకటేనా?" అని. కింద ముప్పై నలభై మంది వత్తాసు పలికారు. కంపెనీ నుంచి ఫోన్: "నెగెటివ్ పెరుగుతోంది, తీసేయండి." తీసేశాను. సాయంత్రానికి ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ అనంతపురం మీమ్ పేజీల్లో తిరుగుతోంది. తప్పు ఎత్తిచూపినందుకు నోరు నొక్కారన్న మాట దానికి తోడైంది. పోస్టర్‌లో తప్పుకు ముప్పైమందే కోపగించుకున్నారు, తీసేసినందుకు ఊళ్లకు ఊళ్లే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఊరి పక్క మాటనే నేను చెరిపేశానని సిగ్గేసింది. పొద్దున కంపెనీని ఒప్పించి పోస్టర్ మార్చాం. ఆయన కామెంట్‌ను మా పోస్టులోనే ఎత్తి రాసి, "మీరు చెప్పిందే సరైనది, తీసేయడం మా తప్పు" అన్నాం. కింద ఒక ప్రశ్న వేశాం: "మీ ఊళ్లో దీన్ని ఎట్లా అంటారు?" అంతే. రాయదుర్గం నుంచి, పులివెందుల నుంచి, ఆళ్లగడ్డ నుంచి, బెంగళూరులో పనికి పోయినవాళ్లు, కువైట్‌లో ఉన్న కడప డ్రైవర్లు, ఎవరి యాస వాళ్లు రాసుకుంటూ పోయారు. ఒకామె "మా అవ్వ మాట ఇది, ఇప్పుడెవరూ అనరు" అని ఒక్క వాక్యం రాస్తే దాని కిందే పెద్ద చర్చ నడిచింది. ఆ సిరీస్‌కు మేం చేసిన పనంతటిలో జనం నిలబడి మాట్లాడింది అక్కడే.

బూతులు, కులం పేరుతో తిట్లు, ఆడవాళ్ల మీద రాతలు కనిపిస్తే ఆలోచించకుండా తీసేస్తాను. "సౌండ్ బాగాలేదు", "యాస తప్పు", "టికెట్ ఎక్కువ" అన్నవాటిని ముట్టుకోను. జవాబు రాస్తాను.

సీడెడ్ జనానికి మాస్ ఉంటే చాలు, సుమోలు గాల్లోకి లేస్తే చాలు అనుకోవడం కూడా దీనికి చుట్టమే. మా పేజీలో కత్తి పట్టుకున్న పోస్టర్‌కు లైకులు పడతాయి. పంచుకునేది మాత్రం వేరుశనక్కాయలు కాల్చుకుంటూ అన్నాదమ్ములు మాట్లాడుకునే సీన్లను. ఇది ఎన్నిసార్లు చెప్పినా హైదరాబాద్ నుంచి కత్తి పోస్టర్లే వస్తాయి.

అపోహ: ఫ్యాన్ ఎడిట్లు, మీమ్స్ అన్నీ దొంగతనమే, స్ట్రైక్ కొట్టాలి.

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే పద్ధతి ఉంది. హక్కులున్నవాళ్లు తమ పాటను, వీడియోను అందులో పెడితే, ఎవరు వాడుకున్నా అది పట్టేస్తుంది. పట్టాక మూడు దారులు: ఆపేయొచ్చు, ఆ వీడియో మీద వచ్చే ప్రకటన డబ్బు తాము తీసుకోవచ్చు, ఊరికే ఎవరు ఎంత చూస్తున్నారో గమనించొచ్చు. తెలివైన కంపెనీ మీమ్ పేజీల విషయంలో రెండోదో మూడోదో ఎంచుకుంటుంది. సొంత ఖర్చుతో రాత్రంతా కూర్చుని మీ హీరోకు ఎడిట్ చేసిన పిల్లోడికి కాపీరైట్ ఫిర్యాదు పెట్టి స్ట్రైక్ కొడితే, వాడు మళ్లీ మీ సినిమా ముట్టడు. థియేటర్‌లో కూర్చుని క్లైమాక్స్ తీసి స్టేటస్ పెట్టడం వేరు. అది పైరసీ. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3 లక్షల నుంచి మొదలై నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా. మొదటి ఆటకు పోయే తమ్ముళ్లకు ఇది గట్టిగా చెబుతున్నా.

అపోహ: ఫాలోవర్లు మన ఆస్తి.

2020 వేసవిలో డేవిడ్ వార్నర్ కుటుంబం బుట్టబొమ్మ పాటకు టిక్‌టాక్‌లో ఆడితే దేశమంతా చూసింది. అప్పుడే ఎమ్మిగనూరు దగ్గర మగ్గం నేసుకునే భార్యాభర్తలు మగ్గం ముందే సినిమా డైలాగులు చెప్పేవాళ్లు. అంత బాగా చెప్పేవాళ్లు కాబట్టే కంపెనీలు వాళ్లను వెతుక్కుంటూ వచ్చాయి. జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. వాళ్ల పేజీ, వీడియోలు, చూసే జనం, అన్నీ పోయాయి. "మళ్లీ మొదట్నుంచి ఎట్లన్నా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి మా దగ్గరికొచ్చే ప్రతివాళ్లకూ చెబుతున్నా: వీడియోల ఒరిజినల్ ఫైళ్లు మీ దగ్గర దాచుకోండి, కనీసం రెండు చోట్ల పేజీ నడపండి, మీ జనంతో ఒక వాట్సాప్ ఛానెల్ ఉంచుకోండి.

అపోహ: డబ్బు తీసుకున్నట్టు చెబితే ఎవరూ నమ్మరు.

2023 జనవరి నుంచి డబ్బుకో బహుమతికో పెట్టిన పోస్టుకు ప్రకటన అని స్పష్టంగా రాయాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చట్టం సంగతి అటుంచితే, మా ఊరి జనం తెలివైనవాళ్లు. రాయకపోయినా కనిపెడతారు. రాస్తేనే గౌరవిస్తారు.

అపోహ: పోస్టు పెట్టేస్తే పని అయిపోయినట్టే.

పని అక్కడే మొదలవుతుంది. పెద్ద హీరో ట్రైలర్ కింద మా వైపు నుంచి వచ్చే కామెంట్లు చదవండి. "ఎమ్మిగనూరులో ఏ థియేటర్?", "డోన్‌లో వేస్తారా?", "మొదటి ఆట ఎన్నింటికి?" కంపెనీ పేజీలో వాటికి జవాబుండదు. అందుకే ప్రతి గురువారం ఆదోని, నంద్యాల, ఎమ్మిగనూరు, డోన్ థియేటర్లకు ఫోన్ చేసి, ఆటల వేళలు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించుకుంటాం. పోయిన వారం ఒకామె అడిగింది: "పిల్లలతో ఆదోనికి మ్యాట్నీకి వస్తే, వదిలినాక మా ఊరికి బస్సుంటుందా అన్నా?" కాగితంలో అది లేదు. డిపోకు ఫోన్ చేసి, టైము కనుక్కుని, ఆమె కామెంట్ కింద రాశాను.