గేమింగ్ పీసీ: రెడీమేడా, అసెంబ్లింగా?

చిరంజీవులకు దీవెనలు.

పరీక్షలయ్యాక గేమింగ్ కంప్యూటర్ కొనివ్వడానికి ఇంట్లో ఒప్పుకున్నారు కదా. ఇక రెడీమేడ్‌ది తెచ్చుకోవాలా, పార్టులు కొని మనమే బిగించుకోవాలా అన్నది మీ ప్రశ్న. ఈ రెండింటికీ మధ్య మన దగ్గర మూడో దారి ఒకటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోటికి వెళ్లి ఏ పార్టు కావాలో మీరే చెబితే, దుకాణంవాళ్లు మీ కళ్లముందే బిగించి ఇస్తారు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు కూడా అలాంటివే. కాబట్టి స్క్రూడ్రైవర్ ఎవరు పట్టుకోవాలన్నది చివర్లో తేల్చుకోవచ్చు. లోపల ఏమేం ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది ముందు చూడాలి. ప్రాసెసర్, కూలర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా), క్యాబినెట్: ఈ ఎనిమిదింటి పూర్తి మోడల్ పేర్లు కాగితం మీద రాసివ్వని చోట, అది ఎంత పెద్ద షోరూమైనా, కొనకండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆన్‌లైన్‌లో తరచూ కనబడే ప్రకటన ఒకటి చూడండి. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్ఎస్‌డీ." ధర చూస్తే ఆశ పుడుతుంది. కానీ ఐ7 తర్వాత ఉండాల్సిన అంకె ఉండదు. అడిగితే అది ఐ7-3770 అని తేలుతుంది. మూడో తరానిది, 2012లో వచ్చింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ అనుమతి ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ పీసీలో ఉండాలి. ఇక ఆ 4 జీబీ కార్డు చాలాసార్లు జీటీ 730 అయి ఉంటుంది. అది 2014 నాటిది, ఈనాటి పెద్ద గేములకు పనికిరాదు. 4 జీబీ అన్నది కార్డులోని మెమొరీ పరిమాణమే, దాని వేగం ఆ అంకెలో తెలియదు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ ఆ పాత ఐ7ని సునాయాసంగా దాటేస్తుంది.

కొత్త కార్డుల్లోనూ ఒకే పేరుతో రెండు రకాల సరుకు ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3050నే తీసుకోండి. 8 జీబీది 2560 కోర్లతో 130 వాట్లు తీసుకునే కార్డు. తర్వాత వచ్చిన 6 జీబీది 2304 కోర్లతో 70 వాట్లకే పరిమితం. కొటేషన్‌లో ఊరికే "3050" అని ఉంటే ఏది ఇస్తారో మీకు తెలియదు.

నిజాయితీగా అమ్మే రెడీమేడ్ పీసీల్లో కూడా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పొదుపు చేసేది మిగతా వాటిలో. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా వేస్తారు. అదే రెండు 8 జీబీ స్టిక్కులైతే ప్రాసెసర్‌కు మెమొరీతో రెండు దారులు దొరుకుతాయి, చాలా గేముల్లో ఫ్రేములు స్పష్టంగా పెరుగుతాయి. కొన్ని పెద్ద బ్రాండ్లు మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ తమ సొంత కొలతలతో చేస్తాయి. మూడేళ్ల తర్వాత ఎస్ఎంపీఎస్ పోతే బయట దొరికేది అందులో పట్టదు. పెద్ద కార్డు వేద్దామంటే చోటుండదు, ఉన్నా దానికి కావలసిన పవర్ కేబుల్ ఉండదు.

ఎస్ఎంపీఎస్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే డబ్బు చాలనప్పుడు అందరూ కోత పెట్టేది దీని మీదే, చెడిపోయినప్పుడు మిగతా పార్టులను కూడా వెంట తీసుకుపోయేదీ ఇదే. చవక క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే "500 వాట్ల" డబ్బాను గేమింగ్‌కు వాడకండి. దాని లేబుల్ మీద 12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తీసుకునేది ఆ 12 వోల్టుల లైను నుంచే. సరైన 550 వాట్లదైతే అక్కడ 45 ఆంపియర్ల దగ్గర ఉంటుంది, అంటే 540 వాట్లు. 18 ఆంపియర్లే ఉంటే అది 216 వాట్ల సరుకు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఎంత కరెంటు వేడిగా వృథా కాకుండా మారుతుందో మాత్రమే చెబుతుంది, లోపలి కెపాసిటర్ల నాణ్యత గురించి ఏమీ చెప్పదు. అందుకే ముద్రతో పాటు కనీసం అయిదేళ్ల వారంటీ ఉన్నది చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లు, 5060 145 వాట్లు తీసుకుంటాయి. రెండింటికీ ఎన్‌విడియా సూచించేది 550 వాట్లు.

అలాగని రెడీమేడ్ ఎప్పుడూ తప్పు అనను. పార్టులకు కరువొచ్చినప్పుడు అదే లాభం. 2020, 2021ల్లో క్రిప్టో మైనింగ్, కోవిడ్ కలిసి గ్రాఫిక్స్ కార్డులను మాయం చేసినప్పుడు, విడిగా దొరకని కార్డు రెడీమేడ్ పీసీలో దొరికేది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అలాంటి రోజుల్లో పాత ధరకు ర్యామ్ నిల్వ పెట్టుకున్న కంపెనీ పీసీ, విడిగా కొన్న పార్టుల మొత్తం కన్నా చవగ్గా పడొచ్చు. ఎనిమిది పార్టుల ధరలు ఆ రోజువి రాసుకుని కూడండి, దానికి విండోస్ లైసెన్స్ ఖరీదు కలపండి, అప్పుడు పోల్చండి. రెడీమేడ్‌లో విండోస్ సాధారణంగా కలిసే వస్తుంది, ఈ సంగతి చాలామంది లెక్కలో వదిలేస్తారు. ఇంకో సందర్భం, కంప్యూటర్ మార్కెట్ లేని చిన్న ఊరు. ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉంటే అక్కడ అది నిజంగా విలువైనదే. అయితే కొనేముందు మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ ఉందో లేదో కంపెనీకే ఫోన్ చేసి అడగండి.

విడిగా కొంటే వారంటీ పార్టు పార్టుకూ వేరు. పెట్టెలో సీలుతో వచ్చే ప్రాసెసర్‌కు మూడేళ్లు, గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువగా మూడేళ్లు, మంచి ఎస్ఎస్‌డీకి అయిదేళ్లు. మొత్తం పీసీకి కలిపి ఒకే ఏడాది ఇచ్చే రెడీమేడ్ కన్నా ఇది మెరుగు. కానీ ఏ పార్టు చెడిందో కనిపెట్టే పని మీది, సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లేదీ మీరే. "ట్రే" ప్రాసెసర్ అంటూ పెట్టె లేకుండా ఇచ్చేది కాస్త చవక, దానికి దుకాణదారు ఇచ్చే వారంటీయే దిక్కు. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో కార్డు తెప్పించుకోవాలని కొందరికి ఉంటుంది. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం, ముందు ఆ కంపెనీ నిబంధన చదివాకే అడగండి.

ఏది కొన్నా బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు. ఒప్పుకోకండి. ప్రతి పార్టూ వేరే వరుసలో, సీరియల్ నంబరుతో ఉన్న బిల్లు లేకపోతే వారంటీ అడిగే దగ్గర ఇబ్బంది పడతారు.

జాబితా ఎలా ఉండాలంటే, మొత్తంలో దాదాపు 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకు పోనివ్వండి. ప్రాసెసర్ ఆరు కోర్లది సరిపోతుంది. ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే పాత ఏఎం4 సాకెట్‌కు డీడీఆర్4 ర్యామ్, కొత్త ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే, ఒకదానిది మరొకదానిలో పట్టదు. ఏఎం5ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఏఎండీవాళ్ల రైజెన్ 5 7600కు కూలర్ పెట్టెలోనే వస్తుంది, 7600ఎక్స్‌కు రాదు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్, యూపీఎస్‌ల డబ్బు పీసీ లెక్కలో మొదటే తీసి పక్కన పెట్టండి.

మీరే బిగించాలనుకుంటే ఒక పూట తీరిక, ఒక ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, శుభ్రమైన బల్ల చాలు. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, కూలర్ బయటే బిగించండి. ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో సన్నటి పిన్నులు బోర్డులోనే ఉంటాయి. ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని, మూలనున్న చిన్న త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలిసేలా నిటారుగా దించి వదిలేయండి. వేలితో నొక్కకండి, అటూ ఇటూ జరపకండి. సాకెట్ పక్కనున్న లివర్ దించేటప్పుడు కాస్త బలం పట్టాలి, కిర్రుమన్నా భయపడకండి. నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వస్తుంది. దాన్ని పారేయకండి. బోర్డును ఎప్పుడైనా వారంటీకి పంపాల్సి వస్తే ఆ మూత లేకుండా తీసుకోవడానికి ఒప్పుకోకపోవచ్చు, పిన్ను వంగితే వారంటీ లేనట్టే.

బోర్డులో నాలుగు ర్యామ్ గాడులుంటే రెండు స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గాడుల్లో పెట్టండి, క్లిక్కుమనే దాకా నొక్కండి. కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి. అది అలాగే ఉండిపోతే వేడి కూలర్‌కు చేరక ప్రాసెసర్ నిమిషాల్లో వంద డిగ్రీలకు దగ్గరవుతుంది. కూలర్‌కు ముందే పేస్ట్ పూసి ఉంటే మళ్లీ పెట్టకండి, లేకపోతే బఠాణీ గింజంత చాలు. క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి నిలిపే చిన్న మరలు) బోర్డు రంధ్రాల కిందే ఉండాలి. ఒకటి ఎక్కువై వేరేచోట ఉంటే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. 8 పిన్నుల కేబుళ్లు రెండు రకాలు: 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది, 6+2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీయగలిగే రకం) అయితే పాతదాని కేబుళ్లు కొత్తదానికి పెట్టకండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా పిన్నుల వరుస వేరుగా ఉండి ఎస్ఎస్‌డీ కాలిపోవచ్చు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎం5లో స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటోందని అర్థం, కంగారుపడి ఆపేయకండి. పది పదిహేను నిమిషాలైనా రాకపోతే మూడు చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టారేమో, అది గ్రాఫిక్స్ కార్డుకు ఉండాలి. ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్ మర్చిపోయారేమో. ర్యామ్ ఒక స్టిక్ పూర్తిగా దిగలేదేమో. వచ్చాక బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. చేయకపోతే 6000కు కొన్న డీడీఆర్5 చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌ను కూడా విండోస్ సెట్టింగుల్లోకి వెళ్లి 144కు మార్చాలి, చాలాసార్లు అది 60లోనే ఉండిపోతుంది.

దుకాణంలో బిగించినా, రెడీమేడ్ తెచ్చినా ఈ పరీక్షలు చేయండి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో ర్యామ్ రెండు స్టిక్కులుగా కనబడాలి. జీపీయూ-జెడ్‌లో కార్డు అసలు పేరు కనబడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ వాడిన గంటలు చూడండి. కొత్తదని ఇచ్చినదానికి వందల గంటలుంటే అక్కడే వెనక్కిచ్చేయండి.

చివరిగా ఇంటి కరెంటు. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటే పీసీ పాడైందనుకోకండి, చాలావరకు మీ ప్లగ్గుకు ఎర్తింగ్ లేనట్టే. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌కు పంపుతుంది. ఎర్త్ లేకపోతే అది డబ్బా మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిచేయించాకే పీసీ పెట్టండి. 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. గేమ్ మధ్యలో కరెంటు పోతే, పీసీ, మానిటర్ కలిసి అంతకు మించితే యూపీఎస్ కూడా వెంటనే ఆగిపోతుంది. 1000 వీఏకు తగ్గకండి. మన ఎండాకాలంలో గదే 40 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి ముందు గాజు మూసి ఉన్న క్యాబినెట్ వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి, నెలకోసారి దుమ్ము దులపండి.

సీటీసీలో కనీసం మూడు దుకాణాల్లో కొటేషన్లు రాయించుకుని, డబ్బు కట్టకముందు ఫొటోలు తీసి నాకు పంపండి. మోడల్ నంబర్లు పూర్తిగా కనబడాలి, ఎస్ఎంపీఎస్‌ది మరీ ముఖ్యంగా.

మీ బాబాయి