మగతనం: అపోహలు – వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం... మా వైపు ఏ బస్టాండు గోడ చూసినా 'నరాల బలహీనత', 'గుప్తరోగాలు' అన్న రాతలే. ఆ మందులకు వేలు తగలేసి, చివరికి నా దగ్గరికి సైకోథెరపీకి (మాటలతో చేసే మానసిక చికిత్సకు) వచ్చే మగవాళ్లను చూస్తుంటాను. వాళ్ల కోసమే ఇది.

అపోహ: ఒక్క వీర్యపు చుక్క నలభై రక్తపు చుక్కలకు సమానం. అది పోతే మగతనం పోయినట్టే.

వాస్తవం: కాదు. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేటు గ్రంథి స్రవించే ద్రవమే. ఒంట్లో నిత్యం తయారవుతుంది. అంగస్తంభన సమస్య వేరు. షుగరు, బీపీ, తాగుడు వల్ల కూడా వస్తుంది కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.

అపోహ: ఎవరి సాయమూ అడగనివాడే మగాడు.

వాస్తవం: దీని గురించే ఎక్కువ చెప్పాలి. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీదికి పోయినవాళ్లు మనలో ఎందరో. నడుం పడిపోయో, పని పోయో తిరిగొచ్చినవాళ్లలో పదేపదే కనిపించేది చెబుతాను (ఏ ఒక్కరి కథా కాదు). భార్యో మేనమామో వెంటబెట్టుకొస్తే వస్తాడు. కుర్చీ అంచున కూర్చుంటాడు. "నాకేటీ నేదు బాబూ, నిద్దర పట్టట్నేదంతే" అంటాడు. కొన్ని వారాలకు నిద్ర కుదురుతుంది, కోపం తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే "తగ్గిపోయిందండీ, ఇంక రాను" అని ఫోను.

ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుంటారు. మొండితనం కాదది, భయం. తన బాధ మరో మగవాడి చేతిలో పెట్టడం, అతని వల్ల బాగుపడ్డానని ఒప్పుకోవడం ఓడిపోవడంలా తోస్తుంది. వైద్యుడికి ఋణపడటం ఇష్టంలేక మగ రోగి నయం కావడాన్నే కాదంటాడని, మనసు లోతుల్లో దాగినవాటిని మాటల ద్వారా వెలికితీసే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1937లో రాశాడు. చికిత్స అంతకన్నా లోతుకు పోవడం కష్టమనీ అన్నాడు. నేను ఆయనంత నిరాశపడను. "ఒక్కసారి వచ్చి, మానేద్దామని ఎందుకనిపించిందో అదే చెప్పండి" అంటాను. వచ్చినవాళ్లు అక్కడినుంచే అసలు మాట ఎత్తుతారు: తండ్రి ముందు ఏనాడూ నోరు తెరవని సంగతి, డబ్బు పంపలేని నెలలో ఇంటికి ఫోనే చెయ్యని సంగతి.

అపోహ: మగవాడిలో ఆడలక్షణం ఉంటే లోపం.

వాస్తవం: అచ్చమైన మగతనం గానీ ఆడతనం గానీ ఏ మనిషిలోనూ కనబడదని 1915లో ఫ్రాయిడే రాశాడు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ 1929లో ఆయనకు ఇంకో మాట రాశారు: స్త్రీ కావాలనే కోరిక ఐరోపా రోగుల్లో కన్నా మన మగ రోగుల్లో సులువుగా బయటపడుతోందని. మా వైపు ఆడే తూర్పు భాగవతంలో సత్యభామ జడ కట్టుకున్న మగవాణ్ణి రాత్రంతా కూర్చుని మెచ్చుకునే ఊళ్లే, కొడుకు కంటతడి పెడితే "ఆడపిల్లలా ఏడుస్తావేట్రా" అంటాయి. ఆ మాట పడిన పిల్లలే పాతికేళ్ల తర్వాత మా దగ్గర ఏడవలేక కూర్చుంటారు.

అపోహ: మనోవిశ్లేషణ తప్పంతా తల్లి మీదికి తోస్తుంది.

వాస్తవం: అమ్మ నుంచి విడివడితేనే కొడుకు మగాడవుతాడని 1968లో గ్రీన్‌సన్ అనే అమెరికా మనోవిశ్లేషకుడు వాదించిన మాట నిజమే. తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. అమ్మ దగ్గర నేర్చిన మెత్తదనాన్ని ఉంచుకునే మగవాడిగా ఎదగొచ్చు.

ఇంట్లో మగమనిషి మూగబోతే నలుగురిలో నిలదీయకండి. పక్కన ఏదో పని చేసుకుంటూ అడగండి, జవాబు కోసం తొందరపెట్టకండి. చచ్చిపోవాలనుందని అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను 'టెలి మానస్' 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చెయ్యొచ్చు.