తిరుపతి చెరువుల విలువ: ఆయకట్టు లెక్క నుంచి కోర్టు తీర్పు దాకా

చెరువును బాగుచేస్తే వచ్చే లాభాన్ని రూపాయల్లో చెప్పాలంటే, ఇదేదో ప్రపంచ బ్యాంకు వాళ్లు తెచ్చిన పద్ధతి అనుకుంటాం. తిరుమల శాసనాలు వేరే సంగతి చెబుతాయి. విజయనగర రాజుల కాలంలో భక్తులిచ్చిన సొమ్ముతో దేవుడి మాన్యంగా ఉన్న ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవారు, పాతవి బాగుచేయించేవారు. దానివల్ల పెరిగిన పంటతో దాత పేరున స్వామికి నైవేద్యం జరిగేది, ప్రసాదంలో దాతకూ వాటా ఉండేది. ఇంత ఖర్చుపెడితే ఏటా ఇంత పంట అదనంగా వస్తుందని ముందే అంచనా ఉండాలి కదా. లేకపోతే ఏటా ఇంత నైవేద్యమని రాతి మీద చెక్కించే ధైర్యం ఎక్కడిది?

చిత్తూరు, కడప వైపు దశబంధం ఇనాం ఉండేది. చెరువు కట్టించినవాళ్లకు, దాని బాగు చూసేవాళ్లకు ఇచ్చే మాన్యం అది. 1876-78 కరువు తర్వాత, 1883లో, మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. సర్కారుకు మాత్రం చెరువంటే ఆయకట్టు, ఆయకట్టంటే శిస్తు. కట్ట దిగువ బావుల్లో ఊరే నీళ్లు, చేపలు, పొలాలకు తోలుకునే ఒండ్రుమట్టి ఏ పద్దులోకీ రాలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఊరు పెరిగి ఆయకట్టు ఇళ్ల స్థలాలయ్యాక, ఆ లెక్క ప్రకారం చెరువు విలువ సున్నా. సున్నా విలువ చేసే నేల ఊరి పక్కనే ఉంటే ఎవరి కన్ను పడదు? 1991లో తిరుపతి పక్కనున్న పేరూరు చెరువులో 150 ఎకరాలు, 1994లో అవిలాల చెరువులో 90 ఎకరాలు ఇళ్ల కోసం ఇస్తూ జీవోలు వచ్చాయి. తిరుపతికి చెందిన ఇంటెలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయినా, 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెరువుల వైపు నిలిచింది. ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని, ఇకపై అక్కడ కట్టడాలు వద్దని చెప్పింది. పేరూరుకు నీళ్లు తెచ్చే కాలువల్లో పూడిక తీయాలని, అవిలాలలో అప్పటికే కట్టిన ఇళ్లకు కప్పు మీద పడే వాననీటిని ఒడిసిపట్టే ఏర్పాటు ఉండాలని ఆదేశించింది. తీర్పు గట్టిదే. అయితే చెరువు విలువ ఎంతన్నది తేలకుండానే మిగిలిపోయింది.

బయటి ప్రపంచంలో ఆ పని అప్పటికే సాగుతోంది. 1997లో కొందరు పరిశోధకులు ప్రకృతి చేసే మేలు ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేశారు. ఆనాటి ప్రపంచ దేశాలన్నిటి ఆదాయం 18 లక్షల కోట్లే. ఆ అంకెను చాలామంది ఆర్థికవేత్తలు ఒప్పుకోలేదు. నాకూ అంత పెద్ద అంకెలతో పని జరుగుతుందన్న నమ్మకం లేదు. మనకు పనికొచ్చేవి చిన్న ప్రశ్నలు: చెరువు వల్ల ఊరే నీటిని తెలుగుగంగ నుంచో ట్యాంకర్లతోనో తెచ్చుకుంటే ఎంతవుతుంది? వరదను చెరువు ఆపితే ఎంత నష్టం తప్పుతుంది? రెండో ప్రశ్న ఎందుకో 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు.

2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలైనా ఆదుకుంటాయా అంటే, సాగునీటికీ తాగునీటికీ మనుషులు కట్టుకున్న చెరువులను అవి మినహాయించాయి. నేలపట్టు, పులికాట్‌లకు అభయారణ్యాలుగా వన్యప్రాణి చట్టం అండ ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఊరూరా ఉన్నవి మాత్రం ఆ మినహాయింపు కిందికొచ్చే చెరువులే.