వెలిగారం మూటలు, 1831 నాటి ఉత్తరాలు: హిమాలయ కనుమల వ్యాపారం వెనుక కథ

లిపులేఖ్, షిప్‌కీ లా, నాథూ లా కనుమల మీదుగా సరిహద్దు వ్యాపారాన్ని మళ్లీ తెరుద్దామని 2025 ఆగస్టులో భారత్, చైనా ఒప్పుకున్నాయి. అప్పటికి 2020 నుంచి ఆ మూడూ మూతపడి ఉన్నాయి. ఆ మాట బయటికి రాగానే లిపులేఖ్ మాదేనంటూ నేపాల్ అభ్యంతరం చెప్పింది. హద్దు తగువుకు మూలం 1816 నాటి సుగౌలీ ఒప్పందం. కాళీ నదికి పడమటి నేలను నేపాల్ వదులుకోవాలని అందులో ఉంది. ఆ నది పుట్టేది ఎక్కడో మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఇక ఈ దారుల్లో ఏ సరుకు ఎందుకు నడిచింది, ఎందుకు ఆగింది అని వెతికేవాళ్లు బ్రయన్ హాటన్ హాడ్జ్‌సన్ ఉత్తరాల దగ్గరికి రావాల్సిందే.

హాడ్జ్‌సన్ 1800లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా చేరాడు. కొన్నాళ్లు కుమావూఁలో (ఇప్పటి ఉత్తరాఖండ్ కొండ ప్రాంతం) పనిచేసి, 1820లో ఖాట్మండు రెసిడెన్సీకి, అంటే నేపాల్ దర్బారులో కంపెనీ ప్రతినిధి కార్యాలయానికి వెళ్లాడు. 1833 నుంచి 1843 దాకా అక్కడ రెసిడెంటు. బౌద్ధ గ్రంథాల రాతప్రతులు సేకరించినవాడిగా, హిమాలయ పక్షులను, జంతువులను వర్ణించినవాడిగా పండితులకు తెలుసు. వ్యాపారం మీద 1831లో కలకత్తాకు రాసి పంపిన లేఖలను ఎక్కువమంది పట్టించుకోరు. నిజానికి వాటిలోనే అతని చూపు ఎక్కువ పదునుగా కనిపిస్తుంది.

అతని వాదన ఇది. రష్యన్లు పీటర్స్‌బర్గ్ నుంచి చైనా సరిహద్దు ఊరు క్యాఖ్తా దాకా, అక్కడి నుంచి పెకింగ్‌కు సరుకును నేలమీదే మోసుకెళ్లి లాభపడుతున్నారు. సముద్రం మీద చవగ్గా కలకత్తా చేరే ఇంగ్లండు సరుకు ఖాట్మండు దారిలో ఉత్తరానికి వెళ్తే వాళ్లతో ఎందుకు పోటీ పడలేకపోతుంది? ఊరికే అనలేదు, మజిలీలు ఒక్కొక్కటీ రాశాడు, వ్యాపారులను లెక్కపెట్టాడు. ఖాట్మండులో విదేశీ వ్యాపారం చేసేవాళ్లు స్థానికులు 52 మంది, హిందుస్థానీలు 34 మంది. పైకి వెళ్లే సరుకు: బనాతు (మందపాటి ఉన్నిబట్ట), నూలుబట్టలు, ముత్యాలు, పగడాలు, నీలిమందు, సుగంధ ద్రవ్యాలు. కిందికి వచ్చేది: బంగారు రజను, వెండి, కస్తూరి, చామరాలు (జడలబర్రె తోకలు), ఉన్ని, ఉప్పు, వెలిగారం.

వెలిగారం దగ్గర కాస్త ఆగాలి. కంసాలి అతుకు వేసేటప్పుడు బంగారం మీద చల్లే తెల్లటి పొడి అదే. కాల్చినప్పుడు లోహం మీది మురికి పొరను కరిగించి, టంకం పారేలా చేస్తుంది. ఒకప్పుడు మన దేశానికీ, మన మీదుగా ఐరోపాకీ అది టిబెట్ ఉప్పు సరస్సుల నుంచే వచ్చేది. గాలి తగిలితే నీరుపోయి పొడై రాలిపోతుందని ముడి గడ్డలకు కొవ్వు పూసి మూటగట్టేవారు. కుమావూఁ వైపు భోటియాలు (సరిహద్దు కొండల వర్తక జనం) దాన్ని గొర్రెల మీద దించేవారు. వీపుకు రెండు పక్కలా చిన్న సంచులు, ఒక్కో గొర్రె మీద పది కిలోలకు అటూ ఇటూ బరువు. మంద దారిలో మేస్తూ నడుస్తుంది కాబట్టి దాణా ఖర్చు లేదు. ఇటలీలో టస్కనీ వేడినీటి ఊటల నుంచి వెలిగారానికి ముడిసరుకైన బోరిక్ ఆమ్లం తీయడం పెరిగాక ఐరోపా గిరాకీ ఇక్కడ పడిపోయింది. కనుమ మూసినందుకు కాదు, మరోచోట చవక సరుకు దొరికినందుకు చచ్చిన వ్యాపారం ఇది.

ఖాట్మండు దారికి వేరే చిక్కు ఉండేది. కొండల అడుగున ఉన్న తరాయి అడవుల్లో ‘ఔల్’ అని పిలిచే మలేరియా వేసవి నుంచి వానల చివరి దాకా మనుషులను బతకనిచ్చేది కాదు. అందుకని మైదానం నుంచి సరుకు చలికాలంలోనే ఎక్కాల్సి వచ్చేది. పైన కనుమలు మంచుతో మూసుకుపోయేదీ ఆ చలికాలంలోనే. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవు. మూట ఖాట్మండులో నెలల తరబడి గిడ్డంగిలో పడి ఉండాలి, దానితోపాటు పెట్టుబడీ. లాసాలో కొట్లు, బంధువులు, అప్పు పుట్టించే పరపతి ఉన్న నేవార్ (ఖాట్మండు లోయ స్థానిక జాతి) వర్తకుడు ఆ ఆలస్యాన్ని తట్టుకోగలడు, కొత్తగా దిగిన దొర తట్టుకోలేడు. మజిలీలు లెక్కపెట్టినంత మాత్రాన ఈ లోటు పూడదు.

పాత గాయం మరొకటి ఉంది: నాణేలు. ఖాట్మండు లోయను ఏలిన మల్ల రాజులు టిబెట్ వెండి తీసుకుని, నాణేలు కొట్టి, లాభంతో తిప్పి పంపేవారు. పోనుపోను వాటిలో రాగి కలిపారు. 1768-69లో లోయను గెలిచిన గూర్ఖాలు మంచి వెండితో కొత్త నాణెం కొట్టి, పాతదానికీ దీనికీ తేడా కట్టమన్నారు. టిబెట్ ఒప్పుకోలేదు. 1788లో మొదలైన యుద్ధం 1792లో చైనా చింగ్ రాజవంశపు సైన్యం ఖాట్మండు దరిదాపులకు వచ్చాకే ముగిసింది. కంపెనీతో రెండున్నర శాతం సుంకానికి నేపాల్ వాణిజ్య ఒప్పందం రాసుకున్నది ఆ ఏడాదే. అది కాగితం దాటలేదు.

హాడ్జ్‌సన్ కొలువు పోవడానికీ ఒక వర్తకుడి కేసే దారితీసింది. 1842 ఏప్రిల్లో కాశీనాథ్ అనే కాశీ వర్తకుణ్ణి బాకీ తగాదాలో పట్టుకోవడానికి నేపాల్ రాజు రాజేంద్ర స్వయంగా రెసిడెన్సీకి వచ్చాడు. హాడ్జ్‌సన్ ఆ వర్తకుడి చుట్టూ చేతులు వేసి, తీసుకెళ్తే ఇద్దరినీ తీసుకెళ్లమన్నాడు. రాజు వెనక్కి తగ్గాడు కానీ గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో తగ్గలేదు. మందలించాడు, మరుసటి ఏడాది పదవి నుంచి తప్పించాడు. సిమ్లాలో చిన్న ఉద్యోగం ఇస్తానంటే హాడ్జ్‌సన్ రాజీనామా చేశాడు.

1845 నుంచి 1858 దాకా డార్జిలింగ్‌లో సొంతంగా కాపురం ఉన్నాడు. అక్కడి సూపరింటెండెంటు ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ ఖాట్మండులో ఒకప్పుడు అతని కింద పనిచేసినవాడే. ఐర్లండు, స్కాట్లండు రైతులను తెచ్చి కొండల్లో కాపురం పెట్టించాలని 1856లో రాసింది ఇక్కడి నుంచే. అంత తెలిసినవాడికి ఈ ఊహ ఎలా తట్టిందో! 1831 నాటి వ్యాపార లేఖలను బెంగాల్ ప్రభుత్వం 1857లో అచ్చు వేసింది. 1874లో లండన్‌లో పుస్తకంగానూ వచ్చాయి. రాసిన నాటికీ అచ్చయిన నాటికీ మధ్య పరిస్థితి మారిపోయింది. 1856 థాపాథలీ ఒప్పందంతో టిబెట్ నేపాల్‌కు ఏటా పదివేల రూపాయలు కట్టడానికి, నేపాలీ వర్తకులను సుంకం లేకుండా వదలడానికి ఒప్పుకుంది. ఆ వరం చేతిలో ఉన్న నేపాల్ ఇంగ్లీషువాళ్లకు దారి ఎందుకు ఇస్తుంది?

దాంతో ఇంగ్లీషువాళ్ల చూపు సిక్కిం వైపు తిరిగింది. బ్రిటన్, చైనాల 1890 ఒప్పందం సిక్కిం, టిబెట్‌ల హద్దు గీసింది. 2017లో డోక్లాం దగ్గర భారత సైన్యంతో ఎదురుపడ్డప్పుడు చైనా చూపించిన కాగితం అదే. 1893 నిబంధనలు టిబెట్ వైపు యాటుంగ్‌లో సంత తెరిచి, చాలా సరుకులకు అయిదేళ్లు సుంకం ఎత్తేశాయి. అమ్ముకోవాలని అంతా ఆశపడ్డ భారతీయ తేయాకును మాత్రం ఆ అయిదేళ్లూ రానివ్వలేదు. 1894 మే 1న సంత తెరుచుకుంది. టిబెట్ వర్తకులు అక్కడికి దిగకుండా లోయకు అడ్డంగా గోడ లేచింది, పైన ఫారీలో పదిశాతం వసూలు మామూలుగానే సాగింది. ఆ నెల 23న హాడ్జ్‌సన్ ఇంగ్లండులో కన్నుమూశాడు.

2006 జులై 6న నాథూ లా తెరిచినప్పుడు చైనా వైపు నుంచి రానిచ్చిన సరుకులు పదిహేను. మేకతోలు, గొర్రెతోలు, ఉన్ని, పష్మీనా, ముడి పట్టు, జడలబర్రె తోక, ఉప్పు, వెలిగారం... వీటిలో పలు సరుకులు 1831 జాబితాలోవే. సెల్‌ఫోన్లు, చెప్పులు, ప్లాస్టిక్ సామాను మాత్రం ఓడరేవుల్లోంచే వచ్చాయి.