పొద్దును చూపించి మాట్లాడే ఊరు

ఇంటింటికీ గడియారం లేని రోజుల్లో మన పల్లెల్లో వేళ చెప్పడానికి పొద్దే ఆధారం. "బారెడు పొద్దెక్కాక వస్తా" అంటే ఎప్పుడో అందరికీ తెలిసేది. ఇండొనేసియాలోని బాలి దీవిలో బెంగ్‌కలా అనే ఊళ్లో, అక్కడే పుట్టిన సైగ భాషలో, ఇదే మాటను చేత్తో చెబుతారు. తొమ్మిదింటికి రమ్మనాలంటే, తొమ్మిదింటికి సూర్యుడు ఉండే చోటు వైపు చెయ్యి చాపుతారు. మిట్టమధ్యాహ్నమైతే చెయ్యి నెత్తిమీదికి లేస్తుంది, సాయంత్రమైతే పడమటి దిక్కుకు వాలుతుంది. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఎనిమిది డిగ్రీల దూరంలోనే ఉంది. అందుకే అక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంట దాటదు. హైదరాబాదులో ఆ తేడా దాదాపు రెండు గంటలు. కాబట్టి బెంగ్‌కలాలో చెయ్యి చూపిన వేళ ఏ కాలంలోనైనా పెద్దగా తప్పదు.

బాలి అంటే మనకు సముద్రం ఒడ్డు, హనీమూన్ ఫోటోలు గుర్తొస్తాయి. బెంగ్‌కలా ఆ దారిలో ఉండదు. దీవికి ఉత్తరాన, బులేలెంగ్ జిల్లాలో, సింగరాజా పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, లోపలి మెట్ట ప్రాంతంలో ఉంటుంది. పొలం పనులు, పశువుల పెంపకం మీద బతికే ఊరు. పాత ఊరు కూడా. జయపంగుస్ రాజు కాలం నాటి 1181 సంవత్సరపు శాసనంలో దీని పేరుంది.

1995లో ఇండొనేసియా, అమెరికా శాస్త్రవేత్తలు ఈ ఊరి లెక్కలు ప్రచురించారు. అప్పటి జనాభా 2,185. వారిలో నూటికి 2.2 మందికి పుట్టుకతోనే బొత్తిగా వినిపించదు. మామూలుగా ప్రపంచంలో తీవ్రమైన చెవుడుతో పుట్టేది వెయ్యి మందికి ఒకరిద్దరు. ఇక్కడ వెయ్యికి 22 మంది. ఊళ్లో దీనికి ఒక కథ చెప్పుకుంటారు. మంత్రశక్తులున్న ఇద్దరు పోట్లాడుకుని, చెవిటివాళ్లు కమ్మని ఒకరినొకరు శపించుకున్నారట.

శాస్త్రవేత్తలకు దొరికిన కారణం 17వ క్రోమోజోమ్ మీద ఉంది. మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. దాని లోపలి కణాల మీద సన్నని రోమాలు మెట్లమెట్లుగా, ఒక వరుసకన్నా ఇంకో వరుస పొడుగ్గా నిలబడి ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు ఈ మెట్లు ఒరుగుతాయి, ఆ కదలికే విద్యుత్ సంకేతమై మెదడుకు చేరుతుంది. రోమాలు ఆ పొడుగుకు ఎదగాలంటే మయోసిన్ 15 అనే ప్రొటీన్ కావాలి. అది కూలీలా సరుకు మోసుకెళ్లి రోమం కొసకు చేరుస్తుంది. బెంగ్‌కలాలో ఈ ప్రొటీన్‌కు నమూనా ఇచ్చే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ప్రొటీన్‌ను కట్టే ముక్కల్లో ఐసోలూసిన్ అనేది ఉండాల్సిన ఒకచోట ఫినైల్ అలనైన్ అనే మరో ముక్క వచ్చి కూర్చుంది. చెవికి ఇంకేమీ కాలేదు, శరీరంలో మరే జబ్బూ లేదు. వినికిడి మాత్రం లేకుండా పోయింది.

ఈ జన్యువును 1998లో గుర్తించారు. అందుకు తోవ చూపింది పుట్టు చెవుడుతో, గిరగిర తిరిగే అలవాటుతో ఉండే ఒక రకం ప్రయోగశాల ఎలుక. మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. ఆ పరిశోధనలో బెంగ్‌కలా వాళ్లతో పాటు భారతదేశానికి చెందిన రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ కుటుంబాల్లో దంపతులు దగ్గరి బంధువులు. జన్యువు ఒకటే, అందులో పడిన తప్పులు వేరు.

మేనరికాలు తెలిసిన మనకు ఇక్కడి లెక్క సులువుగానే అర్థమవుతుంది. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ చెవుడు రావాలంటే రెండూ దెబ్బతిని ఉండాలి. ఒక్కటే చెడితే మనిషికి చక్కగా వినిపిస్తుంది, కానీ ఆ ప్రతి పిల్లలకు చేరవచ్చు. బెంగ్‌కలాలో వినగలిగేవాళ్లలో నూటికి 17 మంది ఇలాంటి వాహకులని 1995 అంచనా. అంటే ఆరుగురిలో ఒకరు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఊరివాళ్లు ఎక్కువగా ఊరివాళ్లనే చేసుకుంటూ వచ్చారు కాబట్టి, ఎన్నడో ఒకరిలో పుట్టిన తప్పు ఊరంతా పాకింది. అందుకే బధిరులు ఏ ఒక్క ఇంటికో పరిమితం కాలేదు. అన్నకో, మేనత్తకో, పక్కింటి అబ్బాయికో వినిపించదు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది దీని ఫలితం. జన్యువు చెవుడునిచ్చింది గానీ, ఒంటరితనాన్ని ఇవ్వలేదు. ఊరు ఒక భాషను పుట్టించుకుంది. దాని పేరు కతా కోలోక్. బాలి భాషలో కోలోక్ అంటే చెవిటి. కతా అంటే మాట. మన 'కథ'కూ ఆ మాటకూ మూలం ఒకే సంస్కృత పదం. ఈ భాషను ఎవరూ బయటి నుంచి తెచ్చి నేర్పలేదు, ఇండొనేసియాలోని ఇతర సైగ భాషలతో దీనికి చుట్టరికం లేదు. సుమారు ఐదు తరాలుగా ఇళ్లలో, పొలాల్లో, వీధుల్లో పెరిగింది. బధిరులు నలభై యాభై మందే అయినా, ఈ భాష వచ్చిన వినగలిగేవాళ్లు వెయ్యికి పైగా ఉన్నారు. వినిపించని పిల్లవాడు బజారుకు వెళ్తే అక్కడ మాట్లాడేవాళ్లుంటారు. జాంగెర్ కోలోక్ అనే నృత్య బృందం బధిరులదే. సమాధులు తవ్వే బాధ్యత కూడా వాళ్లకుంది.

నెదర్లాండ్స్ భాషాశాస్త్రవేత్త కొనీ డె వోస్ ఈ భాషను ఏళ్ల తరబడి పరిశీలించారు. రంగులకు ఇందులో నాలుగే స్థిరమైన సైగలు: తెలుపు, నలుపు, ఎరుపు, నీలం–ఆకుపచ్చ రెండూ కలిసినది ఒకటి. మిగతా రంగులకు దగ్గర్లో ఆ రంగున్న వస్తువును చూపిస్తారు. ఇదేదో లోటని తొందరపడి అనుకోకూడదు. పసుపు కొమ్మునూ చెట్టు ఆకునూ మనం ఒకే 'పచ్చ'తో పిలవడం లేదా! ఎవరి ఇంటి గురించైనా చెప్పేటప్పుడు గాలిలో బొమ్మ గీయరు, ఆ ఇల్లు నిజంగా ఉన్న దిక్కుకు వేలు చూపిస్తారు.

2007 నుంచి ఊరి ప్రాథమిక బడిలో బధిర పిల్లలకూ కతా కోలోక్‌లో పాఠాలు మొదలయ్యాయి. పై చదువులకు కొందరు దక్షిణ బాలిలోని జింబరాన్‌కు, బధిరుల హాస్టలు బడికి వెళ్తున్నారు. అక్కడ ఇండొనేసియా సైగ భాష నేర్చుకుంటారు, వేరే ఊళ్ల స్నేహితులు దొరుకుతారు, పెళ్లిళ్లూ అవుతాయి. ఇక్కడ జన్యువు మళ్లీ తన లెక్క చూపిస్తుంది. ఊళ్లోని ఇద్దరు బధిరులు పెళ్లాడితే పిల్లలందరికీ చెవుడే. బయటి బధిర వ్యక్తిని చేసుకుంటే, ఆ చెవుడుకు కారణం వేరే జన్యువైతే, పిల్లలకు చక్కగా వినిపిస్తుంది. ఆ పిల్లలకు అది మంచిదే, భాషకు మాత్రం రోజంతా దానితోనే బతికే మనుషులు తగ్గుతారు.

అందుకే పరిశోధకులు ఊరివాళ్ల సంభాషణలను వీడియోలుగా దాస్తున్నారు. కానీ ఈ భాషను దాచడం అంత తేలిక కాదు. తెర మీద ఒక ముసలామె చెయ్యి పైకెత్తి ఆకాశంలోకి చూపిస్తే, కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో ఎవరైనా రాసిపెట్టాలి. లేకపోతే ఆమె పొద్దున్న రమ్మందో సాయంత్రం రమ్మందో చూసేవారికి తెలియదు.