రీలు పెట్టె నుంచి ఎనిమిది వారాల గడువు దాకా

తిరుపతిలో కొత్త సినిమా చూసి వచ్చినవాళ్లు చెప్పే కథ వింటూ, అది తమ ఊరికి ఎప్పుడు వస్తుందా అని పలమనేరు, పుంగనూరు ప్రేక్షకులు వారాల తరబడి ఎదురుచూసిన కాలం ఒకటి ఉండేది. ప్రింట్లు తక్కువ కనుక సినిమా ముందు పెద్ద పట్టణాల్లో ఆడి, ఆ తర్వాతే బి, సి సెంటర్లనే చిన్న పట్టణాలకు, ఊళ్లకు వెళ్లేది. రీళ్లున్న రేకు పెట్టె బస్సులో దిగడం, పోస్టర్లు కట్టిన బండి మైకుతో వీధులు తిరగడం, సాయంత్రం టూరింగ్ టాకీసులో భక్తిగీతం మొదలవగానే టికెట్ల కిటికీ దగ్గర జనం గుమిగూడడం ఆ ఎదురుచూపులో భాగాలు. హాల్లో విడుదలైన సినిమా ఎన్నాళ్లకు ఓటీటీలోకి, అంటే ఇంటర్నెట్‌లో సినిమాలు చూపే వేదికల్లోకి రావాలన్న నేటి వివాదానికి మూలం ఆ ఎదురుచూపు కరిగిపోవడమే. అయితే దాన్ని మొదట కరిగించింది ఓటీటీ కాదు.

సినీ వ్యాపారంలో, ఈ ఊళ్లున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా సీడెడ్ (రాయలసీమ) ఏరియాలో భాగం. (1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలకు ఇంగ్లిషులో వచ్చిన ‘సీడెడ్’ పేరు పంపిణీదారుల లెక్కల్లో ఇంకా బతికే ఉంది.) ఆ ఏరియా హక్కులు కొన్న పంపిణీదారు ఇచ్చే అడ్వాన్సు నిర్మాణానికి పెట్టుబడిగా ఉపయోగపడేది కనుక విడుదల విషయంలో అతని మాటకు విలువ ఉండేది. ప్రింట్ల అవసరం లేని డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక అన్ని ఊళ్లలోనూ ఒకే రోజు బొమ్మ పడడంతో వసూళ్లు తొలి వారాంతానికే కుదించుకుపోయాయి. రెండో వారానికే పోస్టర్ మార్చే పద్ధతిని తెచ్చిపెట్టుకున్నది థియేటర్ వ్యాపారమే.

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో 2016లో మన దేశానికి వచ్చాయి. కరోనాతో హాళ్లు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలైంది. థియేటర్లు తేరుకోకముందే 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరలకు పరిమితి విధించగా, గ్రామ పంచాయతీల్లో కనీస ధర 5 రూపాయలకు దిగింది. 2022 మార్చిలో ధరలను సవరించారు. అదే ఏడాది ఆగస్టులో, థియేటర్ విడుదలకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల ఎడం ఉండాలని నిర్మాతలు తీర్మానించినా అది నిలబడలేదు. పూర్వం పంపిణీదారు సొమ్ముకు ఉన్న పట్టు ఓటీటీ సొమ్ముకు వచ్చినప్పుడు తేదీ నిర్ణయించే మాట కూడా అటే వెళ్లడం సహజం.

ఈ మార్పు భారం ఎక్కువగా ఒంటి తెర హాలు యజమాని మీద పడింది. వసూళ్లు బాగున్న తొలి రోజుల్లో పంపిణీదారులు హాలుకు అద్దె మాత్రమే ఇచ్చి, జనం తగ్గాక పర్సంటేజీకి, అంటే వసూళ్లలో వాటాకు మారడం అన్యాయమంటూ 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవాళ్లు) హాళ్లు మూసేస్తామని హెచ్చరించి, తర్వాత విరమించుకున్నారు. వారి వాదన నాకు న్యాయంగానే తోస్తుంది: నాలుగో వారానికే సినిమా ఫోన్‌లోకి వస్తున్నప్పుడు, పర్సంటేజీ లెక్కగట్టడానికి హాల్లో జనమే మిగలడం లేదు.